మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ ఇంటర్వ్యూకు పిలిచారు: కాగితాలు, ప్రశ్నలు, పోస్టింగ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

చార్మినార్_జోన్:

అక్కలకు, చెల్లెళ్లకు, తమ్ముళ్లకు నమస్తే.

హైదరాబాద్‌లో ఒక సర్కారు ఆస్పత్రి లేబర్ రూమ్‌లో నర్సింగ్ ఆఫీసర్‌ని. 2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మిడ్‌వైఫరీ నర్స్ ప్రాక్టీషనర్ (మామూలు కాన్పులను సొంతంగా చూసుకునే నర్సు) శిక్షణకు మా దగ్గర పేర్లు అడిగినప్పుడు దరఖాస్తు పెట్టాను. రాత పరీక్ష గట్టెక్కింది, ఇప్పుడు ఇంటర్వ్యూకు రమ్మన్నారు. మన నర్సింగ్ ఆఫీసర్ ఎంపికలో ఇంటర్వ్యూయే లేదు కదా. 80 మార్కుల పరీక్ష, 20 సర్వీసు పాయింట్లు, అంతటితో సరి. ప్యానెల్ ముందు కూర్చోవడం నాకు ఇదే మొదలు.

ప్రశ్నలు పుస్తకంలోంచి వస్తాయా, వార్డులోంచి వస్తాయా? తెలుగులో చెప్పొచ్చా? ఫైలులో ఏమేం పెట్టుకోవాలి?

ఎందుకు చేయాలనుకుంటున్నావని అడిగితే మాత్రం నా జవాబు నాకు తెలుసు. నైట్ డ్యూటీలో నొప్పులు పడుతున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుంటే, విడిపించుకుని ఇంకో బెడ్‌ దగ్గరికి పరుగెత్తాల్సి వస్తోంది. ఆ అమ్మాయి పక్కన చివరిదాకా ఉండే పని నాకు కావాలి. ఇంట్లోవాళ్లు 18 నెలల చదువు తర్వాత జీతం ఎంత పెరుగుతుందని అడుగుతున్నారు. వాళ్లకేం చెప్పాలో తెలియడం లేదు.

ఇరవైఏళ్ల_వార్డు:

చాలా సంతోషం తల్లీ. ముందు ఫైలు సంగతి చూసుకో, ప్రశ్నల సంగతి తర్వాత.

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తాజాగా ఉందా? నర్స్, మిడ్‌వైఫ్ రెండూ అందులో ఉండాలి. రెన్యువల్ తేదీ దాటిపోయి ఉంటే రేపే వెళ్లు. ఎన్‌ఆర్‌టీఎస్‌లో (నర్సుల జాతీయ ఆన్‌లైన్ రిజిస్టర్) నీ ఎన్‌యూఐడీ నంబరు మీద ఉన్న పేరు, ఆధార్‌లో పేరు, పదో తరగతి మెమోలో పేరు మూడూ ఒక్కలా ఉన్నాయా? పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న పిల్లలు ఇక్కడే చిక్కుకుంటారు. మార్కుల మెమోలు, సర్వీసు రిజిస్టర్‌లో చేరిన తేదీ ఉన్న పేజీ, లేబర్ రూమ్‌లో ఎన్నాళ్లు చేశావో నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకంతో ఒక సర్టిఫికెట్. చివరిది నీకు అన్నిటికన్నా ముఖ్యం. ఆర్డర్ మీద ఫలానా ఆస్పత్రి అని మాత్రమే ఉంటుంది, నువ్వు కాన్పుల గదిలోనే ఉన్నావని ఎవరో ఒకరు రాసివ్వాలి. చేసిన శిక్షణలన్నీ, దక్షత (కాన్పు గది నైపుణ్యాల శిక్షణ) గానీ, నవజాత శిశువుకు ఊపిరి పోసే శిక్షణ గానీ, తేదీల వరుసలో పెట్టుకో.

రెండు జిరాక్స్ సెట్లు, ఒరిజినల్స్ వేరే కవర్లో. అడిగితే తప్ప ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు.

కొత్త_జీఎన్‌ఎం:

అక్కా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోయి కూకట్‌పల్లిలో ప్రైవేటులో చేస్తున్నాను. ఈ నర్స్ ప్రాక్టీషనర్ పోస్టుకు నేను నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చా?

మిడ్‌వైఫ్_కరీంనగర్:

చెల్లీ, నీకు ముందు సర్కారులో అడుగు పడాలి. సర్కారు వైద్య పోస్టుల నియామక బోర్డు ఇచ్చే నోటిఫికేషన్లలో నీకు పనికొచ్చేది నర్సింగ్ ఆఫీసర్ పోస్టు. మా మిడ్‌వైఫ్‌లలో ఎక్కువమంది అలా సర్వీసులోకి వచ్చి, తర్వాత శిక్షణకు ఎంపికైనవాళ్లే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్ ప్రసూతి ఆస్పత్రులవాళ్ల ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో మొదలుపెట్టిన మొదటి బ్యాచ్‌లో 30 మంది నర్సులు ఉన్నారు. ఆ మరుసటి ఏడాది, 2018లో, కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. మనవాళ్లు దానికంటే ముందే నడక మొదలుపెట్టారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంటుంది.

నీ దరఖాస్తు సంగతి ములుగు అక్క బాగా చెప్తుంది, ఇక్కడే ఉందిగా.

ములుగు_బిడ్డ:

ఉన్న చెల్లే. జర ఓపికతోని చదువు.

2024ల 2,050 పోస్టులకు నోటిఫికేషన్ పడ్డది, నవంబర్ 23న పరీక్ష అయింది. పరీక్షకు 80 మార్కులు. మిగిలిన 20, సర్కారు దవాఖానల్ల కాంట్రాక్టు మీద గాని ఔట్‌సోర్సింగ్ మీద గాని చేసినోళ్లకు కలుస్తయి. ట్రైబల్ ఏరియాల ఆరు నెలలకు రెండున్నర పాయింట్లు, వేరే జాగల ఆరు నెలలకు రెండు. అంటే ఏజెన్సీల నాలుగేండ్లు చేస్తే 20 నిండుతయి, పట్నంల అయితే ఐదేండ్లు పడ్తది. ఆరు నెలలు నిండకుంటే ఆ ముక్కకు పాయింట్ రాదు.

ఇగ అసలు సంగతి. సర్వీసు సర్టిఫికెట్ నోటిఫికేషన్ల ఇచ్చిన నమూనాలనే ఉండాలె, ఎవరు సంతకం పెట్టాలె అని రాసి ఉంటదో వాళ్లే పెట్టాలె. మా పీహెచ్‌సీ డాక్టర్ సారు మంచోడు, అడగంగనే రాసిచ్చిండు, గాని ఆయన సంతకం చెల్లదన్నరు. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసుకు తిరిగి తెచ్చుకున్న. నోటిఫికేషన్ వచ్చినంక అందరూ ఒక్కసారే ఎగబడ్తరు, క్లర్కు టేబుల్ కాడ జాగ దొరకది. ఏడాదికోసారి, ఒప్పందం రెన్యువల్ అయినప్పుడల్లా, ఆర్డర్ కాపీ, జీతం పడ్డ బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి పెట్టుకో. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మారితే పాత ఏజెన్సీవాళ్లు మల్ల దొరకరు.

లోకల్ సంగతి సుత చూసుకో. 1 నుంచి 7 తరగతి దాంక ఏడ సదివినవో బోనఫైడ్లు (బడి ఇచ్చే స్టడీ సర్టిఫికెట్లు) కావాలె. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు లోకల్ వాళ్లకే. ఇది జోనల్ పోస్టు, నువ్వు ఏ జోన్ అన్నది ఆ బోనఫైడ్లే చెప్తయి. మీ ఊళ్లె చిన్న ప్రైవేట్ బడి మూతపడి ఉంటే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల రికార్డు అడుగు. ఇయ్యాల్నే అడుగు.

కొత్త_జీఎన్‌ఎం:

చాలా థాంక్స్ అక్కా. నేను ప్రైవేటులో చేసిన అనుభవానికి పాయింట్లు రావా మరి?

ములుగు_బిడ్డ:

రావు చెల్లే.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:

ఇదే నాకు మింగుడుపడదు. నేను కార్పొరేట్ ఆస్పత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను చూస్తూ ఇన్నేళ్లు చేశాను. నా పనికి సున్నా, పీహెచ్‌సీలో టీకాలు వేసినవాళ్లకు 20. పరీక్షలో నాకంటే 15 మార్కులు తక్కువ వచ్చినవాళ్లు నా ముందు ఉంటారు. 80 మార్కులకు చదివి ఏం లాభం?

ములుగు_బిడ్డ:

తమ్మీ, నీ పని చిన్నదని ఎవలూ అంటలేరు. గాని టీకాలు ఏసినవాళ్లు అన్నవు సూడు, ఆ మాట వాపస్ తీసుకో.

వానాకాలం వాగు పొంగితే అంబులెన్స్ అవతలి ఒడ్డునే ఆగుతది. ఇవతల గూడెంల నొప్పులు పడే తల్లి ఉంటది. ట్రాక్టర్ మీద, మంచం మీద మోసుకొస్తరు. డాక్టర్ సారు మీటింగ్‌కు పోయి ఉంటడు. ఆ రాత్రి కాన్పు చేసేది ఔట్‌సోర్సింగ్ నర్సే. మూడు నెలల జీతం బాకీ ఉన్న నర్స్. ఆ ఏండ్లకు సర్కారు ఇచ్చే లెక్క ఆ పాయింట్లే. పట్నంల ఐసీయూల నేర్చుకునుడు ఉంటది, నేర్పేటోళ్లు ఉంటరు, పక్కన పది మంది ఉంటరు. ఆడ ఆ నర్స్ ఒక్కతే.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:

అక్కా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ పని మీద నాకు గౌరవమే. పాయింట్లు ఉండాలి, కానీ ప్రైవేటు అనుభవానికి కూడా ఎంతో కొంత లెక్క ఉండాలన్నది నా మాట. దాని మీద నిలబడతాను.

నిర్వాహకులు:

వెయిటేజీ మీద వేరే చర్చ నడుస్తోంది, ఈ వాదన అక్కడికి తీసుకెళ్లండి. ఇక్కడ దరఖాస్తు, ఇంటర్వ్యూ వరకే ఉంచుదాం. చార్మినార్_జోన్ గారి ఇంటర్వ్యూ దగ్గరపడుతోంది.

మిడ్‌వైఫ్_కరీంనగర్:

సరే, ఇంటర్వ్యూ. నాకు తెలిసినంత రాస్తాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

మా ప్యానెల్‌లో ఒక ప్రసూతి డాక్టర్, ఒక నర్సింగ్ ఫ్యాకల్టీ, ఒక సీనియర్ మిడ్‌వైఫ్ ఉన్నారు. తెలుగులోనే అడిగారు, మందుల పేర్లు, మోతాదులు మాత్రం ఇంగ్లీషులో చెప్పాను. పుస్తకంలో ఉన్నదే అడుగుతారు, కాకపోతే దాన్ని ఒక బెడ్ మీద పెట్టి అడుగుతారు. 'ప్రసవానంతర రక్తస్రావం అంటే ఏమిటి' అని ఎవరూ అడగలేదు. 'రాత్రి 2 గంటలు. కాన్పు అయి పది నిమిషాలైంది. ప్యాడ్ తడిసిపోయింది, కింద షీట్ తడుస్తోంది. నువ్వు, ఒక ఆయా ఉన్నారు. చెప్పు' అన్నారు.

అక్కడ చాలామంది గడగడా మందులు చెప్పేస్తారు. ప్యానెల్‌కు వినాల్సింది నీ మొదటి కదలిక. సాయం కోసం కేక వేస్తాను. ఒక చెయ్యి పొట్ట మీద, గర్భసంచి గట్టిగా ఉందా మెత్తగా ఉందా చూస్తూ మర్దన చేస్తాను. ఆయాతో డ్యూటీ డాక్టర్‌ను పిలిపిస్తాను. మూత్రాశయం ఖాళీ చేయిస్తాను. లావు క్యాన్యులా పెట్టి, గ్రూపింగ్‌కు రక్తం తీసి, ఫ్లూయిడ్స్, ఆక్సిటోసిన్ మొదలుపెడతాను. మాయ ముక్క ఏమైనా లోపల ఉండిపోయిందా, చీలిక ఉందా చూస్తాను. ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము సిరలోకి, కాన్పు అయిన 3 గంటల లోపే. ఈ వరుసలో చెప్పాలి. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే రక్తస్రావమే అన్నది వాళ్లు తర్వాత అడిగారు. దానికి తోడు, 'మనిషి రక్తహీనతతో వచ్చి ఉంటే 500 దాకా ఆగుతావా' అన్నారు. ఆగను. హీమోగ్లోబిన్ 7 ఉన్న తల్లికి 300 పోయినా ప్రమాదమే.

రెండోది గుర్రపువాతం (ఎక్లాంప్సియా, గర్భిణికి బీపీ పెరిగి వచ్చే ఫిట్స్). ఫిట్స్‌తో వచ్చింది. ఊపిరి దారి, ఎడమ పక్కకు తిప్పడం, ఆక్సిజన్, ఆ తర్వాత మెగ్నీషియం సల్ఫేట్. మొదటి మోతాదు మొత్తం 14 గ్రాములు: 4 సిరలోకి మెల్లగా, రెండు పిరుదుల్లో చెరో 5. నాలుగు గంటలకు మళ్లీ 5 ఇచ్చే ముందు ఏం చూస్తావు? మోకాలి రిఫ్లెక్స్ ఉందా, ఊపిరి నిమిషానికి 16కి తగ్గలేదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదా. మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆ మోతాదు ఆపి డాక్టర్‌ను పిలవాలి. ట్రేలో కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉండాలి. మోతాదు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారట, ఎప్పుడు ఆపాలో చెప్పినవాళ్లు తక్కువట. ఆ డాక్టర్ మేడమే బయటికొచ్చాక అన్నారు.

మిడ్‌వైఫ్‌గా వాళ్లు నీలో చూసేది ఇదే. డాక్టర్ లేకుండా ఎంత చేయగలవు అన్నది సగం. మామూలుగా సాగుతున్న కాన్పును కదిలించకుండా కాచుకోవడం, దారి తప్పిన క్షణాన్ని పసిగట్టి చెప్పడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయా అని చూస్తారు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు 110కి తగ్గినా, 160 దాటినా ఏం చేస్తావు? మొదటి దశలో ఎంతకోసారి వింటావు, రెండో దశలో ఎంతకోసారి? (15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి, తర్వాత 5 నిమిషాలకు ఒకసారి.) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో కాన్పు చురుకు దశ గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న దగ్గర మొదలవుతుంది, మన పాత పార్టోగ్రాఫ్‌లో (కాన్పు సాగే తీరు రాసే చార్ట్) 4 దగ్గర. రెండూ తెలిసి ఉండాలి, మీ వార్డులో ఏది రాస్తున్నారో కూడా.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. 'తల్లి పడుకోను, కూర్చుని కంటాను అంటే?' మోతాదులన్నీ చక్కగా చెప్పిన నర్సు ఇక్కడ 'ఒప్పుకోను' అంటే ఆ ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. పక్కకు తిరిగి, మోకాళ్ల మీద, గొంతుక్కూర్చుని, ఎలా సుఖంగా ఉంటే అలా. తోడుగా వాళ్ల అమ్మనో, వదిననో లోపలికి రానివ్వడం. చెంప మీద కొట్టడం, 'అప్పుడు తెలియలేదా' అనడం మన లేబర్ రూమ్‌లలో ఉంది, దాచుకుని లాభం లేదు. అలాంటిది నీ ఎదుట జరిగితే ఏం చేస్తావని అడుగుతారు. నిజాయితీగా ఆలోచించి పెట్టుకో.

లెక్కలు అడిగితే ఒకటి గుర్తుంచుకో. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే. ప్రైవేటులో 81.5, సర్కారులో 44.5. మన అవసరం ఏమిటో ఆ అంకెలే చెప్తాయి.

చార్మినార్_జోన్:

అక్కా, ఇది ప్రింట్ తీసి పెట్టుకున్నాను. చీలిక రాకుండా ముందే కోత పెట్టాలా అని అడిగితే? మా దగ్గర తొలిచూలు అంటే కోత తప్పదన్నట్టే చేస్తారు.

మిడ్‌వైఫ్_కరీంనగర్:

అందరికీ కోత పెట్టడం ఇప్పుడు ఎవరూ సిఫారసు చేయడం లేదు. అవసరమైతేనే, కారణం రాసి, తల్లికి చెప్పి. మీ వార్డు అలవాటును తిట్టాల్సిన పనిలేదు. 'వేడి ప్యాడ్ పెడతాను, తల మెల్లగా వచ్చేలా చేత్తో కాస్తాను, తొందరపెట్టి తోయమనను' అని చెప్పు, వాళ్లకు అర్థమవుతుంది.

ఐసీయూ_తమ్ముడు:

నాదీ నర్స్ ప్రాక్టీషనర్ చదువే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల క్రిటికల్ కేర్ రెసిడెన్సీ, ఎమ్మెస్సీ స్థాయి. ప్రస్తుతం సోమాజిగూడ వైపు ఒక ప్రైవేటు ఐసీయూలో ఉన్నాను. సర్కారులో నాకేదైనా దారి ఉందా? మిడ్‌వైఫరీ నాకు కుదరదు కదా.

ఇరవైఏళ్ల_వార్డు:

నాయనా, క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్ అనే పేరుతో బోర్డు పిలిచే పోస్టు కోసం ఎదురుచూస్తూ వయసు దాటబెట్టుకోకు. నర్సింగ్ ఆఫీసర్‌గా లోపలికి వెళ్లు. ఎయిమ్స్‌కు నార్‌సెట్ (ఎయిమ్స్ నర్సుల ఉమ్మడి పరీక్ష) రాయి, బీబీనగర్ ఎయిమ్స్ మనకు గంట దూరం. వయసు 18 నుంచి 30, రిజర్వేషన్ ఉంటే సడలింపు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. మగవాళ్లకు ఎంత శాతమో నోటిఫికేషన్‌లో చూసుకో, పోటీ గట్టిగా ఉంటుంది. రైల్వేలో నర్సింగ్ సూపరింటెండెంట్‌కు కూడా ఎయిమ్స్‌లో లాగే లెవెల్ 7 జీతం, మూల వేతనం 44,900. లాలాగూడ రైల్వే ఆస్పత్రిలో నాకు తెలిసిన పిల్లలు అలా చేరినవాళ్లే. కేంద్ర ప్రభుత్వంలో ఈ స్థాయి ఉద్యోగాలకు 2016 నుంచి ఇంటర్వ్యూలు తీసేశారు, కాబట్టి నీ కష్టమంతా పరీక్ష మీదే పెట్టు. నీ ఎమ్మెస్సీ తర్వాత ఎలాగూ పనికొస్తుంది. ట్యూటర్ పోస్టుకు గానీ, ఐసీయూ ఇన్‌ఛార్జికి గానీ అడుగుతారు.

డల్లాస్_దిల్‌సుఖ్‌నగర్:

నమస్తే. మాది దిల్‌సుఖ్‌నగర్, ఇప్పుడు అమెరికాలో వెటరన్స్ (మాజీ సైనికుల) సర్కారు ఆస్పత్రిలో నర్స్ ప్రాక్టీషనర్‌ని. ఇక్కడి పద్ధతి అక్కడ అక్షరాలా పనికిరాదు గానీ, సర్కారు ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో చెప్తే చార్మినార్ చెల్లికి ఉపయోగపడొచ్చు.

ఇక్కడ నర్స్ ప్రాక్టీషనర్ అంటే మాస్టర్స్, ఆపై జాతీయ సర్టిఫికేషన్. వెటరన్స్ విభాగం 2016 డిసెంబరులో పూర్తి ప్రాక్టీసు అధికారం ఇచ్చింది. మా టెక్సస్‌లో బయట పనిచేసే ప్రాక్టీషనర్ మందులు రాయాలంటే డాక్టర్‌తో ఒప్పందం ఉండాలి. వెటరన్స్ ఆస్పత్రి గోడల లోపల అది అక్కర్లేదు, మత్తుమందుల వరకు మాత్రం రాష్ట్రం చట్టమే. ఏ రాష్ట్రం లైసెన్స్ అయినా చెల్లుతుంది. కానీ పౌరసత్వం కావాలి. అర్హత ఉన్న పౌరులెవరూ దొరక్కపోతేనే బయటివాళ్లను తీసుకుంటారు. హైదరాబాద్ నుంచి నేరుగా దీనికి దరఖాస్తు పెట్టిస్తామని ఎవరైనా ఏజెంట్ చెప్తే డబ్బు కట్టకండి.

దరఖాస్తు యూఎస్‌ఏజాబ్స్ అనే సర్కారు ఉద్యోగాల సైట్‌లో. అక్కడి నుంచి నెలలు పడుతుంది. తాత్కాలిక ఆఫర్, వేలిముద్రలు, చదివిన ప్రతి చోటు నుంచి ధ్రువీకరణ, అప్పుడు అసలు ఆఫర్. గ్రేడు, జీతం మెట్టు నర్సుల బోర్డు ఒకటి మన కాగితాలు చూసి తేలుస్తుంది. రెజ్యూమేలో రాయని అనుభవానికి మెట్టు రాదు. ములుగు అక్క చెప్పిన సర్టిఫికెట్ గొడవ ఇక్కడా ఉందన్నమాట.

ఇంటర్వ్యూలో అందరినీ అవే ప్రశ్నలు అడుగుతారు, కాగితం చూసి చదువుతారు, నవ్వరు, తల ఊపరు, మనం చెప్పింది రాసుకుంటారు. భయపడనక్కర్లేదు, అది వాళ్ల నియమం. ప్రతి ప్రశ్నా 'మీరు చేసిన ఒక సందర్భం చెప్పండి' అనే ఉంటుంది. డాక్టర్ ఆర్డర్‌తో మీరు విభేదించిన సందర్భం, కోపంగా ఉన్న రోగిని సముదాయించిన సందర్భం. పరిస్థితి ఏమిటి, మీ వంతు ఏమిటి, ఏం చేశారు, చివరికి ఏమైంది, ఈ నాలుగూ చెప్పాలి. మన తెలుగువాళ్లం 'మేము చేశాం, మా టీమ్ చేసింది' అంటాం. వినయమే, కానీ వాళ్ల కాగితంలో మన పేరున ఏమీ పడదు. 'నేను' అని చెప్పాలి. చెల్లీ, నీ వార్డులోంచి అలాంటి నాలుగైదు సంఘటనలు ముందే ఏరి పెట్టుకో. రోగి పేరు, ఊరు మాత్రం నోట రానివ్వకు.

మిడ్‌వైఫ్_కరీంనగర్:

'నేను' అనే మాట చాలా ముఖ్యం. మా బ్యాచ్‌లో బాగా పనిచేసే ఒక నర్సు 'సిస్టర్లందరం చూసుకున్నాం మేడమ్' అంటూనే ఇంటర్వ్యూ ముగించింది. ఆమె చేతుల్లో ఎంత పని ఉందో ఆ గదిలో ఎవరికీ తెలియలేదు.

ఇరవైఏళ్ల_వార్డు:

జీతం ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు, నేను ఇస్తాను. నర్సింగ్ ఆఫీసర్ స్కేల్ 36,750 నుంచి 1,06,990. హైదరాబాద్‌లో ఇంటి అద్దె భత్యం 24 శాతం, అంటే మొదటి మూల వేతనం మీద 8,820. కరువు భత్యం వేరు. శిక్షణ పూర్తిచేశావని ఈ స్కేల్ దానంతట అది మారుతుందని ఆశపెట్టి ఇంట్లోవాళ్లను ఒప్పించకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇంకో మాట. శిక్షణ తీసుకుని వచ్చిన అమ్మాయిని సిబ్బంది చాలడం లేదని మేల్ వార్డులో వేసిన చోటు నేను చూశాను. ఆ పిల్ల ఏడ్చింది, నాకూ కడుపు మండింది. 18 నెలలు సర్కారు ఖర్చుపెట్టి నేర్పిన చేతులవి. ఇంటర్వ్యూ చివర 'మీరేమైనా అడుగుతారా' అంటే ఇది అడుగు: శిక్షణ తర్వాత మిడ్‌వైఫ్‌ల ఆధ్వర్యంలో నడిచే యూనిట్‌లోనే పోస్టింగ్ ఇస్తారా? మర్యాదగా, కళ్లలోకి చూసి అడుగు.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్:

అలా అడిగితే ఎదురు మాట్లాడుతోంది అనుకోరా?

ఇరవైఏళ్ల_వార్డు:

అనుకునేవాళ్లు ఉండొచ్చు. అయినా అడగాలి.

చార్మినార్_జోన్:

అందరికీ దండాలు. ఇంటర్వ్యూ అయింది, ఇప్పుడే ఇంటికొచ్చాను. గుర్తున్నప్పుడే రాస్తున్నాను, తర్వాత వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

ముందు కాగితాలు చూశారు. లేబర్ రూమ్ సర్టిఫికెట్ అడిగారు, ఇరవైఏళ్ల అక్క చెప్పకపోతే నా దగ్గర అది ఉండేది కాదు. నా పక్కన కూర్చున్న ఆవిడకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దాటింది, ఎంత బతిమాలినా తర్వాత రమ్మన్నారు. వరంగల్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చిందట. బాధేసింది.

లోపల మొదటి ప్రశ్న రక్తస్రావం గురించి కాదు. 'నిన్న నీ డ్యూటీలో జరిగిన కాన్పు ఒకటి చెప్పు' అన్నారు. రెండో కాన్పు, నొప్పులు చక్కగా వస్తున్నాయి, తోడుగా వాళ్ల అత్తగారు లోపల ఉన్నారు. 8 సెంటీమీటర్ల దగ్గర బిడ్డ గుండె చప్పుడు నొప్పి తర్వాత 100కి పడి ఆలస్యంగా లేచింది. ఎడమ పక్కకు తిప్పాను, ఆక్సిటోసిన్ డ్రిప్ నడుస్తుంటే ఆపాను, తర్వాతి నొప్పి మొత్తం చెవి పెట్టి విన్నాను, మళ్లీ పడింది, డాక్టర్‌కు ఫోన్ చేశాను. 'డ్రిప్ ఆపమని నీకు ఎవరు చెప్పారు?' అని డాక్టర్ మేడమ్ గట్టిగా అడిగారు. గుండె చప్పుడు పడితే డ్రిప్ ఆపి, ఆపానని వెంటనే చెప్పడం నా బాధ్యత మేడమ్, కేస్ షీట్‌లో టైమ్‌తో రాశాను అన్నాను. 'నేను' అనే అన్నాను, 'మేము' అనలేదు. మేడమ్ ఏమీ మాట్లాడకుండా రాసుకున్నారు.

తర్వాత మెగ్నీషియం వచ్చింది, ఎప్పుడు ఆపుతావన్నది కూడా వచ్చింది. కూర్చుని కంటానంటే ఏం చేస్తావు అన్నదీ వచ్చింది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలో ఏం చేస్తావో బొమ్మ మీద చేసి చూపించమన్నారు. తుడవడం, తల సరిగ్గా పెట్టడం, అవసరమైతే నోరు శుభ్రం చేయడం, వీపు రాయడం, అప్పటికీ ఊపిరి లేకపోతే ఊపిరి పోసే బ్యాగ్, మాస్క్ అందుకోవడం. మాస్క్ సరిగ్గా అతుక్కుందా అని ఒకటికి రెండుసార్లు చూశారు. కాబట్టి చేత్తో సాధన చేసి వెళ్లండి, చదివితే చాలదు.

చివర పోస్టింగ్ ప్రశ్న అడిగాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. 'మా చేతిలో సిఫారసు ఉంది, ఆర్డర్ లేదు. సిఫారసు రాస్తాం' అని నర్సింగ్ మేడమ్ అన్నారు. అంతకుమించి హామీ రాలేదు.

ఫలితం ఇంకా చెప్పలేదు. ఇంట్లో మాత్రం జీతం సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మా ఆయన కాసేపు ఊరుకుని, పాపను 18 నెలలు ఎవరు చూస్తారో అమ్మతో మాట్లాడదాం అన్నారు.

ములుగు_బిడ్డ:

డ్రిప్ ముచ్చట మంచిగ చెప్పినవ్ బిడ్డా. వరంగల్ అక్క ఎవలో గాని, ఈడ ఉంటే నాకు మెసేజ్ పెట్టుమను. రెన్యువల్‌కు ఏమేం కావాలె, ఎట్ల పెట్టాలె నేను చెప్త.

కొత్త_జీఎన్‌ఎం:

మా బడి మూతపడింది అక్కా, 3 నుంచి 5 తరగతుల బోనఫైడ్ లేదు. ఎంఈఓ ఆఫీసుకు వెళ్తే రిజిస్టర్లు వేరే మండలానికి పంపామన్నారు. ఇప్పుడేం చేయాలి?

ములుగు_బిడ్డ:

ఏ మండలానికి పంపిన్రో కాగితం మీద రాసియ్యమను, ఆడికి పో. ఆడ సుత దొరకకుంటే ఆ ఏండ్లకు తహసీల్దార్ కాడ నివాస ధ్రువీకరణకు పెట్టుకో, మీ నాయన రేషన్ కార్డు, ఓటర్ లిస్టు నకలు జోడించు. అప్లికేషన్ ఇచ్చినంక రసీదు తీసుకునుడు మర్వకు.